'నార్మల్' అని అచ్చు వేసే ముందు: ల్యాబుల నిర్వాహకులకు, పాథాలజిస్టులకు ఒక లెక్కల టీచరు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

రెండు తెలుగు రాష్ట్రాల్లో రక్తపరీక్షల ల్యాబులు నడుపుతున్న మీకు, ఆ రిపోర్టుల మీద సంతకం చేసే పాథాలజిస్టులకు, బయోకెమిస్టులకు కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. వైద్యం చదువుకోలేదు. కానీ అంకెలతో ఇరవై ఏళ్ల కాపురం నాది. మీ రిపోర్టులో ఒంట్లోని ఇనుము నిల్వ చెప్పే 'ఫెరిటిన్' అనే అంకె పక్కన ఉన్న మరో రెండు అంకెల గురించి మీతో మాట్లాడాలి.

నా సంగతి ముందు చెబుతాను. రెండేళ్ల కిందట మా బడి మెట్లు ఎక్కడం కష్టమైంది. తొమ్మిదో తరగతి రెండో అంతస్తులో ఉంటుంది. మధ్యలో మలుపు దగ్గర ఆగి, ఫోను చూసుకుంటున్నట్టు నటించి, ఊపిరి తిప్పుకుని మళ్లీ ఎక్కేదాన్ని. రాత్రి పడుకుంటే కాళ్లు నిలిచేవి కావు, ఏదో పాకుతున్నట్టు కదిలించాలనిపించేది. దువ్వెన నిండా జుట్టు. వీటన్నిటికంటే సిగ్గుపడి ఎవరికీ చెప్పనిది ఇంకొకటి ఉంది: చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ గుప్పెళ్లకు గుప్పెళ్లు పచ్చి బియ్యం నమిలేదాన్ని. మా అత్తగారు చూసి, "పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందంటారు, నీ పెళ్లయిపోయింది కాబట్టి సరిపోయింది" అని నవ్వారు. నేనూ నవ్వాను. బియ్యం, మట్టి, బలపాలు, మంచుగడ్డలు తినాలనిపించడం ఇనుము తగ్గిన ఒంటికి ఉండే లక్షణమని అప్పటికి నాకు తెలియదు.

దసరాకు తగ్గింపు ధర అని మా వారు ఒంటి నిండా పరీక్షల ప్యాకేజీ ఒకటి తీసుకున్నారు. పన్నెండు పేజీల రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 12.3. థైరాయిడ్ బాగుంది, షుగరు లేదు. తేడా ఉన్న ఫలితాలను నల్లటి అక్షరాలతో దిద్ది పక్కన చుక్క గుర్తు పెడతారు కదా, విటమిన్ డి దగ్గర తప్ప అది ఎక్కడా లేదు. డాక్టరుగారు పేజీలు చకచకా తిప్పి, "అన్నీ నార్మలే అమ్మా. పని ఒత్తిడి తగ్గించుకోండి, నిద్ర సరిగ్గా పోండి" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. అరవై డెబ్బై ఫలితాల్లో నల్లగా దిద్దినవాటిని మాత్రమే చూసే తీరిక ఆయనకుంది. ఆ దిద్దడం మీ చేతిలో పని.

ఏడో పేజీలో ఫెరిటిన్ అని ఒక వరుస ఉంది. ఫలితం 14. పక్కన సాధారణ పరిధి: 10 నుంచి 120. పరిధిలోనే ఉంది కాబట్టి నల్లటి అక్షరం లేదు, చుక్కా లేదు. ఆ 14 అలా ఏడో పేజీలో పదకొండు నెలలు పడుకుంది. నేను మెట్ల మలుపులో ఆగుతూనే ఉన్నాను.

ఆ తర్వాత మరో ఊళ్లో, వేరే పని మీద వెళ్లినప్పుడు, ఒక చిన్న వయసు డాక్టరమ్మ నా పాత రిపోర్టు చూసింది. చివరి పేజీ నుంచి వెనక్కి చూసుకుంటూ వచ్చి ఏడో పేజీ దగ్గర ఆగింది. "మేడం, నెలసరి ఎన్ని రోజులు? రోజుకు ఎన్ని ప్యాడ్లు? గడ్డలు పడతాయా?" అని అడిగింది. అంతకుముందు ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, మా అమ్మకూ అంతే అయ్యేది, అందరికీ అంతే అనుకున్నాను. తర్వాత స్కానింగులో గర్భాశయంలో ఫైబ్రాయిడ్ గడ్డ ఒకటి బయటపడింది. అదే కారణం.

నేను పిల్లలకు చెప్పే పద్ధతిలోనే ఆమె నాకు చెప్పింది. పాతకాలం ఇంట్లో గాదె ఉంటుంది, వంటింట్లో బియ్యం డబ్బా ఉంటుంది. గాదెలో ధాన్యం అడుగంటినా డబ్బాలో బియ్యం ఉన్నన్నాళ్లు పూటకు అన్నం వండుతూనే ఉంటాం, బయటి వాళ్లకు ఏమీ తెలియదు. హిమోగ్లోబిన్ ఆ డబ్బా. ఫెరిటిన్ గాదె లోతు చెప్పే కొలకర్ర. ఇనుము తగ్గేటప్పుడు ముందు గాదె ఖాళీ అవుతుంది, తర్వాత రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ మీద సరుకు తగ్గుతుంది, అన్నిటికంటే చివర హిమోగ్లోబిన్ పడిపోతుంది. డబ్బా ఒక్కటే చూసి "ఇంట్లో లోటు లేదు" అనడం ఎంత సబబో మీకే తెలుసు.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను, అలవాటు కదా. రక్తం ఒక మిల్లీలీటరులో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. నెలకు 80 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావం అంటారు. అంటే ఆ గీత దగ్గరే నెలకు 40 మిల్లీగ్రాములు, రోజుకు పంచితే 1.3. మామూలుగా చర్మం నుంచి, పేగుల నుంచి రోజూ పోయేది మరో మిల్లీగ్రాము దాకా ఉంటుంది. రెండూ కలిపి రోజుకు రెండు పైన తిరిగి రావాలి. అన్నం, పప్పు, కూర తినే మన పళ్లెంలోని ఇనుములో పదో వంతు కూడా ఒంటికి పట్టదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో స్త్రీలకు రోజుకు 29 మిల్లీగ్రాములు, పురుషులకు 19 అని సిఫారసు చేసింది. అంతలేసి అంకె ఎందుకో ఈ లెక్క వేశాక నాకు అర్థమైంది. ఆ 29 నా పళ్లెంలో ఏనాడూ లేదు. తిన్నదాంట్లోంచి కూడా, భోజనం కాగానే తాగే టీ తన వాటా తీసుకునేది.

ఇప్పుడు మీ వంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ఇతర జబ్బులేమీ లేని పెద్దవారిలో ఫెరిటిన్ 15 కంటే తక్కువ ఉంటే అది ఇనుము లోపమే. నా 14 ఆ సంస్థ లెక్కలో లోపం, మీ కాగితం లెక్కలో నార్మల్. ఒకే అంకె, ఒకే రక్తం. 15 అన్నది కూడా గాదె దాదాపు ఊడ్చుకుపోయాక వచ్చే గీత. చికిత్స విషయంలో చాలామంది వైద్యులు 30ని గీతగా తీసుకుంటారు. బ్రిటన్ రక్తవైద్యుల సంఘం గర్భిణులకు 30 అంటుంది. రక్తహీనత ఉన్నవారి విషయంలో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో 45 అంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2024లో పెద్దవారి ఫెరిటిన్ కింది గీతను 30కి పెంచారు. ఇక్కడ 10, 11, 13 అని ఒక్కో ల్యాబు ఒక్కో అంకె వేస్తోంది. ఒకే ఊళ్లో రోడ్డుకు అటుపక్క రోగి అయిన మనిషి ఇటుపక్కకు వస్తే ఆరోగ్యవంతురాలు అవుతోంది.

ఈ 10 ఎక్కడి నుంచి వచ్చిందని మీ ల్యాబులోని ఒక కుర్రవాణ్ని అడిగాను. "కిట్టుతో వచ్చే కాగితంలో అలాగే ఉంటుంది మేడం" అన్నాడు. నిజాయితీగల జవాబు. ఆ కాగితంలోకి ఎలా వచ్చిందో లెక్కల మనిషిగా నాకు తెలుసు. పైకి ఆరోగ్యంగా కనిపించే కొంతమంది రక్తం తీసుకుని, అటు చివర రెండున్నర శాతం, ఇటు చివర రెండున్నర శాతం కోసేసి, మధ్యలో మిగిలిన 95 శాతాన్ని 'సాధారణ పరిధి' అంటారు. సోడియానికో కాల్షియానికో ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ నెలనెలా ఇనుము పోగొట్టుకుంటూ, దాన్ని పూడ్చుకోలేని ఆడవాళ్లే ఆ గుంపులో ఎక్కువగా ఉంటే? మా తరగతిలో సగం మందికి ఎక్కాలు రాకపోతే వాళ్ల మార్కులు సగటు కట్టి, "ఎక్కాలు రాకపోవడం సాధారణమే" అని రిజిస్టరులో రాసుకున్నట్టు ఉంటుంది. నేను అలా రాస్తే మండల విద్యాధికారి ఊరుకోరు.

మన దగ్గర ఆ గుంపు ఎలాంటిదో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వేలికి గుచ్చి తీసిన చుక్కతో కొలిచారని, ఆ పద్ధతిలో అంకె తప్పే అవకాశం ఉందని విమర్శలు ఉన్నాయి, అవి సబబే. అయినా ఆ సర్వే కొలిచింది డబ్బాను మాత్రమే. గాదెను కొలిచిన పెద్ద జాతీయ సర్వే 2016-18లో పిల్లల మీద, కౌమార వయసు వారి మీద జరిగింది. పది నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో 31 శాతం మందికి, మగపిల్లల్లో 12 శాతం మందికి ఇనుము లోపం ఉందని తేలింది. మా బడి తొమ్మిదో తరగతిలో ముప్పై ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. మూడు వరుసల బల్లల్లో ఒక వరుస అన్నమాట.

"పరిధి మార్చే అధికారం మాకెక్కడిది, గుర్తింపు సంస్థల నిబంధనలు ఉంటాయి" అని మీరు అనవచ్చు. వైద్య ల్యాబుల నాణ్యత కోసం మీరు పాటించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15189 కూడా సాధారణ పరిధితో పాటు వైద్య నిర్ణయానికి పనికొచ్చే గీతల మాట చెబుతుంది కదా. పైగా మీరు ఆ పని ఇప్పటికే చేస్తున్నారు! నా పన్నెండు పేజీల్లోనే ఉంది. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ దగ్గర ఊరి జనం సగటు వేయలేదు, 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ, 6.5 నుంచి మధుమేహం అని వేశారు. కొలెస్టరాల్ దగ్గర కోరదగినది, సరిహద్దు, ఎక్కువ అని మూడు మెట్లు కట్టారు. విటమిన్ డి దగ్గర లోపం, చాలనిది, చాలినంత అని విడగొట్టారు. మనవాళ్లలో సగం మందికి డి తక్కువ కాబట్టి తక్కువే నార్మల్ అని మీరు అనలేదు. ఆ న్యాయం ఫెరిటిన్‌కు ఎందుకు దక్కలేదో నాకు అంతుపట్టదు. దీన్ని ఎక్కువగా పోగొట్టుకునేది ఆడవాళ్లు కాబట్టి అనే అనుమానం నాకుంది. అది తప్పని మీరు రుజువు చేస్తే సంతోషిస్తాను.

నేను అడిగేది ఒక్క వరుస సిరా. ఫెరిటిన్ ఫలితం కింద ఇలా అచ్చు వేయండి: 15 లోపు నిల్వలు అడుగంటినట్టు, 15 నుంచి 30 లోపు లోపం ఉండే అవకాశం ఎక్కువ, లక్షణాలతో కలిపి వైద్యులు చూడాలి, జ్వరం, ఇన్ఫెక్షన్, వాపు జబ్బులు ఉన్నప్పుడు 70 లోపు కూడా లోపం కావచ్చు. ఈ చివరి ముక్క వదలకండి. ఒంట్లో ఎక్కడైనా జబ్బు వల్ల వాపు (ఇన్ఫ్లమేషన్) ఉంటే ఫెరిటిన్ దానికదే పెరుగుతుంది. డెంగీ తగ్గిన వారానికో, కీళ్లవాతం ఉన్న మనిషికో, కాలేయానికి కొవ్వు పట్టిన మనిషికో 60 వస్తే అది నిండు గాదె కాకపోవచ్చు. రక్తం తీసే అమ్మాయి సూది గుచ్చేటప్పుడు "ఈ నెలలో జ్వరమేమైనా వచ్చిందా, ఐరన్ మాత్రలు వాడుతున్నారా" అని రెండు ప్రశ్నలు అడిగి రాసుకుంటే, కాగితం చదివే డాక్టరుకు ఎంత మేలు!

ప్యాకేజీల గురించి కూడా ఒక మాట. మీ ప్రకటనల్లో 'ఐరన్ ప్రొఫైల్' అని ఘనంగా వేసి, చాలాచోట్ల సీరం ఐరన్ (ఆ పూట రక్తంలో తిరిగే ఇనుము), టీఐబీసీ (రక్తం మోయగలిగిన మొత్తం ఇనుము) మాత్రం చేసి ఫెరిటిన్ వదిలేస్తున్నారు. సీరం ఐరన్ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చూపిస్తుంది. మాత్ర వేసుకుని వస్తే ఎగిరిపడుతుంది. ఒక్క దాన్నే నమ్మి గాదె నిండిందనుకోవడం, ఇవాళ సంతకు వచ్చిన బండి చూసి ఊళ్లో పంట బాగుందనుకోవడమే. ఫెరిటిన్‌కు విడిగా నా దగ్గర ఆరు వందలు తీసుకున్నారు. రోజుకూలి చేసే మనిషికి అది చిన్న మొత్తం కాదని నాకూ తెలుసు. అందుకే అందరికీ చేయమనడం లేదు. చేసిన చోటనైనా అర్థమయ్యేలా రాయమంటున్నాను.

డాక్టర్ల నుంచి వచ్చే అభ్యంతరం మరొకటి ఉంది, అది మరింత గట్టిది. అలసట అంటే ఇనుమేనా? థైరాయిడ్, బీ12, నిద్రలేమి, దిగులు, రెండు షిఫ్టుల చాకిరీ, ఏదైనా కావచ్చు. నిజమే. ఫ్రాన్స్‌లో 198 మంది స్త్రీల మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. అందరికీ అలసట ఉంది, హిమోగ్లోబిన్ 12 పైనే ఉంది, ఫెరిటిన్ 50 లోపు ఉంది. పన్నెండు వారాలు ఇనుము తీసుకున్నవారిలో అలసట దాదాపు 48 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలోనూ సుమారు 29 శాతం తగ్గింది! మనిషి అలసటలో కొంత ఎవరైనా పట్టించుకుంటేనే తగ్గుతుందని దాని అర్థం కాబోలు. ఆ రెండింటి మధ్య తేడా మాత్రం ఇనుముది. అది నాకు చాలు.

ఇనుము అమాయకమైన మందు కాదని కూడా తెలుసుకున్నాను. తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు జన్యువును మోసేవారిలో రక్తకణాలు చిన్నవిగా కనిపిస్తాయి, ఫెరిటిన్ బాగానే ఉంటుంది. వాళ్లకు ఏళ్ల తరబడి మాత్రలు మింగించడం అనవసరం, ఒక్కోసారి హాని. పసిపిల్లలకు అందితే ఐరన్ మాత్రలు ప్రాణాంతకం. మగవాళ్లలో, నెలసరి ఆగిన స్త్రీలలో ఫెరిటిన్ పడిపోతే పేగుల్లో ఎక్కడో రక్తం కారుతోందా అని వెతకాలి, మాత్రతో కప్పెట్టకూడదు. ఇవన్నీ ఫెరిటిన్‌ను శ్రద్ధగా చదవమనే చెబుతున్నాయి.

నాకు డాక్టరమ్మ రోజు విడిచి రోజు ఒక మాత్ర రాసింది. "రోజూ వేసుకుంటే త్వరగా తగ్గదా" అని ఆశగా అడిగాను. ఒక మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును పెంచి మర్నాటి దాకా పేగు తలుపు దగ్గరగా వేస్తుందని, స్విట్జర్లాండ్‌లో నిల్వలు తగ్గిన స్త్రీల మీద చేసిన పరిశోధనల్లో ఒకరోజు విడిచి వేస్తే ఇనుములో ఎక్కువ వంతు ఒంటికి పట్టిందని చెప్పింది. (గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే రోజువారీ ఎర్ర మాత్ర లెక్క వేరు, నా మాట పట్టుకుని దాన్ని ఎవరూ మానకండి.) పరగడుపున నిమ్మరసంతో వేసుకున్నాను. టీని గంటన్నర వెనక్కి నెట్టాను, ఇల్లంతా దానికి సర్దుకోవడానికి వారం పట్టింది. మలబద్ధకం వచ్చింది, మలం నల్లబడింది, భయపడవద్దని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. గడ్డకు వేరే మందు. నాలుగు నెలలకు ఫెరిటిన్ 41. హిమోగ్లోబిన్ 12.3 నుంచి 13.1. ఇప్పటికీ నిద్ర తక్కువే, జుట్టు పూర్తిగా తిరిగి రాలేదు. కానీ మెట్ల మలుపులో ఆగడం లేదు. బియ్యం ఏరుతున్నప్పుడు నోరు ఊరడం లేదు. ఎప్పుడు మానానో కూడా గుర్తులేదు.

ఒకవేళ ఆ డాక్టరమ్మ ఏడో పేజీ దగ్గర ఆగకపోయి ఉంటే నాకేమయ్యేదో ఊహించడం కష్టం కాదు. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో దేశంలో మన రెండు రాష్ట్రాలే ముందున్నాయని కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్పాయి. మా వీధిలో నలభై దాటకుండానే తీయించుకున్నవారు ముగ్గురు ఉన్నారు. "రక్తం ఎక్కువ పోతోంది, తీసేస్తే పీడ వదులుతుంది" అనే సలహా మాకు ఉచితంగా దొరుకుతుంది. ఇన్నేళ్లు పోయిన రక్తంతో పాటు ఏం పోయిందో కొలిచే సలహాకే ఆరు వందలు.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం నా రిపోర్టు కాదు. పోయిన జులైలో నా డబ్బాలో సుద్దముక్కలు తగ్గడం మొదలైంది. మగపిల్లలు విసురుకుంటున్నారేమో అనుకుని వాళ్లను గద్దించాను. ఒకరోజు మధ్యాహ్న భోజనం తర్వాత తరగతి గదిలోకి వెళితే, చివరి బల్లలో ఒక అమ్మాయి ఒంటరిగా కూర్చుని సుద్దముక్క కొరుకుతోంది. నన్ను చూసి నోరు తుడుచుకుంది. పెదాల మీద తెల్లటి పొడి. నేను ఏమీ అనలేదు, పక్కన కూర్చున్నాను. వారానికి ఒకసారి బడిలో ఇచ్చే నీలం మాత్ర వేసుకుంటున్నావా అంటే తల వంచుకుంది. వికారంగా ఉంటుందని కిటికీలోంచి పారేస్తోందట. ఆ కిటికీ కింద ఎన్ని నీలం మాత్రలున్నాయో తర్వాత చూశాను, అది వేరే ఉత్తరం.

వాళ్లమ్మను పిలిపించి, పాపకు రక్తపరీక్ష చేయించమని, ఫెరిటిన్ కూడా రాయించుకోమని చెప్పాను. మిరప కోతల మనిషి. ఒకరోజు కూలి పోగొట్టుకుని, పట్నం వెళ్లి, చేయించుకొచ్చింది. కాగితం నాలుగు మడతలు పెట్టి చీర కొంగులో ముడివేసుకుని తెచ్చింది. హిమోగ్లోబిన్ 12.1. ఫెరిటిన్ 12. పరిధి 10 నుంచి 120. కింద ఎవరో పెన్నుతో 'నార్మల్' అని కూడా రాసిచ్చారు.

పాపకు లోపం ఉందని, పెద్దాసుపత్రిలో చూపించమని నేను చెప్పాను. ఆమె నన్నూ, కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. "బాగానే ఉందని డాక్టరుగారి సంతకంతో ఇచ్చారు కదా మేడం" అంది, ఎంతో మర్యాదగా. నేను లెక్కల టీచరును. ఆ సంతకం మీది.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా